ఒకే కార్డు, ఇద్దరు విజేతలు: క్లబ్బు షూటింగ్ పోటీలకు స్కోరు పద్ధతిని ఎంచుకోవడం ఎలా?

పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ఇద్దరు పిల్లలు చెరో పది షాట్లు కాల్చారనుకుందాం. ఒకరు చంద్రగిరి అమ్మాయి, ఇంకొకరు పుత్తూరు అబ్బాయి. అమ్మాయి షాట్లు వరుసగా 10.1, 10.0, 10.2, 10.1, 10.0, 10.3, 10.1, 10.0, 10.2, 10.1. అబ్బాయివి 10.8, 10.6, 9.8, 10.7, 10.5, 10.9, 9.9, 10.6, 10.7, 10.4.

దశాంశాలు తీసేసి లెక్కిస్తే అమ్మాయికి నూటికి నూరు, అబ్బాయికి 98. దశాంశాలతో కూడితే అమ్మాయికి 101.1, అబ్బాయికి 104.9. మొదటి లెక్కలో రెండు పాయింట్ల తేడాతో అమ్మాయిది గెలుపు. రెండో లెక్కలో 3.8 తేడాతో అబ్బాయిది. తుపాకులు అవే, రంధ్రాలు అవే. మారిందల్లా లెక్క.

ఇద్దరిలో ఎవరు మెరుగు అని అడిగితే సూటి జవాబు లేదు. అమ్మాయి ఒక్కసారి కూడా పది దాటి బయటికి పోలేదు. అబ్బాయి కేంద్రానికి బాగా దగ్గరగా కొడుతున్నాడు, కానీ రెండుసార్లు జారాడు. తప్పు చేయకపోవడం ఒక నేర్పు, కేంద్రాన్ని పట్టుకోవడం ఇంకో నేర్పు. పూర్ణాంక పద్ధతి మొదటిదానికి పట్టం కడుతుంది, దశాంశ పద్ధతి రెండోదానికి. మీ పోటీ దేనికి బహుమతి ఇవ్వాలనుకుంటోందో నిర్వాహకులు ముందే తేల్చుకోవాలి. ముందే అంటే, మొదటి షాట్ పేలకముందే, నోటీసు బోర్డు మీద కాగితం అంటించి. కాల్చిన లక్ష్యపు కార్డులు చేతికొచ్చాక పద్ధతి గురించి చర్చ మొదలైతే, అక్కడ జరిగేది ఎంపిక కాదు, విజేతను ఏరుకోవడం.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో చిన్న క్లబ్బు నడిపేవారిని, ఆదివారం పోటీ పెట్టాలనుకునే కోచ్‌లను, పి.ఇ.టి. మాస్టార్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నాలుగైదు లేన్లు, కాగితపు కార్డులు, బడి పిల్లలు, ఎన్.సి.సి. కేడెట్లు, నలభై దాటాక సరదా పుట్టిన ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు ఉండే చోటు మీదైతే ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

మొదటి మెట్టు: మీ రేంజి ఎంత సన్నగా కొలవగలదో చూడండి

పద్ధతిని ఎంచుకునే ముందు మీ దగ్గరున్న కొలత సాధనాన్ని చూడాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. టీవీలో ఒలింపిక్ ఫైనల్ చూసి, మనమూ దశాంశాలే పెడదాం అంటారు.

కొలతలు ఒకసారి చూడండి. ఎయిర్ రైఫిల్ కార్డులో పది అంటే 0.5 మిల్లీమీటర్ల చుక్క. తొమ్మిదో రింగు వ్యాసం 5.5 మి.మీ. పెల్లెట్, అంటే ఎయిర్ తుపాకీ గుండు, వ్యాసం 4.5 మి.మీ. పెల్లెట్ అంచు రింగు గీతను తాకితే చాలు, పై విలువే ఇస్తారు. కాబట్టి పెల్లెట్ మధ్యబిందువు కార్డు కేంద్రం నుంచి 2.5 మి.మీ. లోపల ఉంటే అది పది. దశాంశ పద్ధతి ఆ 2.5 మి.మీ.ను పది భాగాలు చేస్తుంది. అంటే 0.1 పాయింటు విలువ పావు మిల్లీమీటరు. 10.9 రావాలంటే పెల్లెట్ మధ్యభాగం కేంద్రం నుంచి పావు మిల్లీమీటరుకు మించి జరగకూడదు.

ఎయిర్ పిస్టల్ కార్డు ఉదారమైనది. పదో రింగు వ్యాసం 11.5 మి.మీ., రింగుకూ రింగుకూ మధ్య 8 మి.మీ. అక్కడ 0.1 అంటే 0.8 మి.మీ.

ఇప్పుడు కాల్చిన కార్డును భూతద్దం కింద పెట్టి చూడండి. చదునైన మూతి ఉన్న పెల్లెట్ కాగితాన్ని గుండ్రంగా కత్తిరించినట్టే కనిపిస్తుంది కానీ, అంచు చుట్టూ సన్నని పోగులు లోపలికి ముడుచుకుని ఉంటాయి. అందుకే రంధ్రం అసలు పెల్లెట్ కంటే చిన్నదిగా కనబడుతుంది. కార్తీక మాసపు ముసురులో కార్డులు తేమ పీల్చి మెత్తబడితే పరిస్థితి ఇంకా ఘోరం, రంధ్రం ఒక పక్క చిరిగి నోరు తెరుస్తుంది. అలాంటి అంచును చూసి ఇది 10.3, అది 10.4 అని కంటితో చెప్పడం కూరగాయల కాటాతో బంగారం తూచడమే.

కనుక నా మాట ఇది. కాగితపు కార్డులు, చేతి లెక్కింపు ఉన్నచోట దశాంశాల జోలికి పోవద్దు. పూర్ణాంకాలు, ఇన్నర్ టెన్లు (పదిలోనే నడిమధ్యన పడినవి) చాలు. కార్డు చదివే యంత్రం గానీ ఎలక్ట్రానిక్ టార్గెట్లు గానీ ఉంటేనే దశాంశం. ఫోనుతో ఫొటో తీసి దశాంశ స్కోరు చెప్పే యాప్‌లు సాధనకు బాగానే ఉంటాయి. ఫోను కాస్త వంగితే రింగు కోడిగుడ్డు ఆకారంలో పడుతుంది కాబట్టి బహుమతి ఇచ్చే చోట వాటిని నమ్మకండి.

రెండో మెట్టు: పద్ధతులను పక్కపక్కన పెట్టండి

పూర్ణాంక పద్ధతిలో 60 షాట్లకు గరిష్ఠం 600. ఒకప్పుడు రైఫిల్‌లోనూ ఇదే ఉండేది. మేటి ఆటగాళ్లు ఆ పైకప్పును తాకడం మొదలుపెట్టాక చిక్కొచ్చింది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల క్వాలిఫికేషన్‌లో (ఫైనల్‌కు ముందు వడపోత రౌండులో) 600కు 600 కొట్టారు. అందరూ అక్కడే గుమికూడితే ఎవరు ముందో తేల్చేదెలా? 2013 నుంచి అంతర్జాతీయ సమాఖ్య ఐ.ఎస్.ఎస్.ఎఫ్. ఎయిర్ రైఫిల్ క్వాలిఫికేషన్‌ను దశాంశాలకు మార్చింది. దాంతో గరిష్ఠం 654.0 అయింది. ఎయిర్ పిస్టల్‌లో ఆ ఇరుకు లేదు కాబట్టి క్వాలిఫికేషన్ ఇప్పటికీ పూర్ణాంకాల్లోనే సాగుతోంది, ఫైనల్ మాత్రం దశాంశాల్లో.

మన క్లబ్బు పిల్లలు 40 షాట్లకు 330, 350, 365 కొడుతుంటారు. పైకప్పుకు ఎవరి తలా తగలడం లేదు, స్కోర్లు వాటంతట అవే విడివిడిగా పరుచుకుంటున్నాయి. అలాంటి చోట దశాంశం తీర్చే సమస్యే లేదు. పైగా కొత్త పిల్లవాడికి 9 ఎందుకు వచ్చిందో కార్డు చూస్తే అర్థమవుతుంది, 9.7కూ 9.4కూ తేడా ఎందుకో అర్థం కాదు. నేర్చుకునే దశలో పూర్ణాంకమే మంచి గురువు.

రాష్ట్ర స్థాయికి తయారవుతున్న రైఫిల్ ఆటగాళ్ల సంగతి వేరు. వాళ్లు 9ల భయంతో ఆడే అలవాటు మానుకోవాలి. పూర్ణాంకంలో 10.0 కాస్తా 9.9 అయితే నిండు పాయింటు పోతుంది. దశాంశంలో పోయేది 0.1 మాత్రమే. ఆ తేడా మనసు మీద ఎంత పనిచేస్తుందో పోటీలో నిలబడినవారికి తెలుసు. పూర్ణాంకంలో ఒక 9 పడ్డాక మిగిలిన షాట్లన్నీ బిగుసుకుపోతాయి. దశాంశంలో తర్వాతి 10.7 దాన్ని పూడ్చేస్తుంది.

మూడోది తగిలిందా లేదా అనే లెక్క. మహిళల 25 మీటర్ల పిస్టల్ ఫైనల్‌లో 10.2 లేదా ఆ పైన వస్తేనే తగిలినట్టు. పురుషుల ర్యాపిడ్ ఫైర్ ఫైనల్‌లో ఆ గీత 9.7 దగ్గర ఉంటుంది. క్లబ్బులో ఆగస్టు 15నో జనవరి 26నో పెట్టే సరదా పోటీకి దీన్ని మించింది లేదు. ఎనిమిదో రింగు లోపల పడితే ఒకటి, లేకపోతే సున్నా. తల్లిదండ్రులు కుర్చీల్లో కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టుకోగలరు. అయితే నేర్పును సన్నగా తూచే శక్తి దీనికి లేదు. ఎనిమిది అంచున పడినదానికీ నడిబొడ్డున పడినదానికీ ఒకే విలువ ఇస్తుంది కనుక సీజన్ ర్యాంకులకు వాడవద్దు.

ఐదు షాట్లు ఎంత దగ్గరగా పడ్డాయో కొలిచే గ్రూపింగ్ కూడా ఒక పద్ధతే. సైట్లు (తుపాకీ మీది గురిచూసే భాగాలు) సరిచేసుకోవడం ఇంకా రాని మొదటి నెల పిల్లలకు అది న్యాయం చేస్తుంది, ఆ తర్వాత వద్దు.

మూడో మెట్టు: స్థాయిలు కలిసిపోయినప్పుడు

అసలు తలనొప్పి ఇక్కడే. ఆరేళ్లుగా ఆడుతున్న కుర్రాడు, ఆరు నెలల క్రితం చేరిన పాప ఒకే లేన్ల వరుసలో నిలబడతారు. ఎవరు గెలుస్తారో పోటీకి ముందే అందరికీ తెలుసు. అలాంటి పోటీకి మూడోసారి ఎవరు వస్తారు?

ఒక దారి, తరగతులుగా విడగొట్టడం. గత మూడుసార్ల మొత్తం స్కోర్ల సగటు చూసి ఎ, బి, సి అని పెట్టి ఎవరి బహుమతి వారికి ఇవ్వాలి. పదిహేను మందికి మించి వచ్చే పోటీలకు ఇదే మేలు. ఓపెన్ సైట్ (గాడిలోంచి గురిచూసే), పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురిచూసే) రైఫిళ్లను ఎటూ కలపకూడదు. అవి వేర్వేరు పోటీలు.

మంది తక్కువైతే హ్యాండీక్యాప్, అంటే వెనకబడినవారికి కొన్ని పాయింట్లు కలపడం. ఒక ఆధార స్కోరు పెట్టుకోండి, 40 షాట్ల పిస్టల్‌కు 380 అనుకుందాం. సగటుకూ ఆధారానికీ మధ్య తేడాలో 80 శాతం ఆటగాడికి కలుపుతారు. సగటు 340 ఉన్న పాపకు తేడా 40, కలిసేది 32. సగటు 372 ఉన్న కుర్రాడికి తేడా 8, కలిసేది 6.4. ఆ రోజు పాప 351 కొడితే 383 అవుతుంది. కుర్రాడు 375 కొడితే 381.4. పాప గెలిచింది. తన మామూలు ఆట కంటే 11 పాయింట్లు ఎక్కువ ఆడింది కాబట్టి గెలవాల్సిందే. నూరు శాతం కలిపితే నిలకడగా బాగా ఆడేవాడికి ఆ నిలకడ వల్ల లాభం ఏమీ మిగలదు, అందుకే 80 దగ్గర ఆపుతాం.

హ్యాండీక్యాప్ పెట్టిన మరుసటి నెలలోనే ఒక తెలివి పుడుతుంది. సాధన కార్డుల్లో కావాలని తక్కువ కొట్టి, పోటీ రోజు విజృంభించడం. దీనికి విరుగుడు ఉంది. స్కోరర్ ఎదుట కాల్చిన స్కోర్లనే సగటుకు తీసుకోండి, మూడింటిలో అన్నిటికన్నా తక్కువదాన్ని వదిలేయండి, కలిపే పాయింట్లకు 40 దగ్గర పైహద్దు పెట్టండి. ఫలితాల పట్టికలో అసలు స్కోరు పక్కనే హ్యాండీక్యాప్ స్కోరు కూడా రాయాలి. అసలు స్కోరు దాచిపెడితే, రాష్ట్ర పోటీలకు వెళ్లేసరికి పిల్లలకు తమ నిజమైన ఎత్తు తెలియదు. అక్కడ ఎవరూ 32 కలపరు.

ఉత్తమ షూటర్ కప్పు అని ఒకటి పెట్టి రైఫిల్, పిస్టల్ స్కోర్లను శాతాలుగా మార్చి పోల్చడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. 654కు 620 అంటే 94.8 శాతం, 600కు 570 అంటే 95 శాతం, కాబట్టి పిస్టల్ గెలిచిందట! రెండు చేతులా, కోటు తొడుక్కుని అర మిల్లీమీటరు చుక్కను కొట్టడం, ఒంటిచేత్తో 11.5 మి.మీ. వృత్తాన్ని కొట్టడం ఒకే కొలబద్దకు లొంగవు. కప్పు ఇచ్చి తీరాలంటే ఎవరి విభాగంలో వారి స్థానానికి పాయింట్లు ఇవ్వండి. మొదటి స్థానానికి 10, రెండుకు 8, మూడుకు 6, అలా.

నాలుగో మెట్టు: సమానమైతే ఏం చేయాలో రాసిపెట్టండి

పూర్ణాంక పద్ధతిలో టైలు తరచూ వస్తాయి. ముందు ఇన్నర్ టెన్లు లెక్కపెట్టాలి. పిస్టల్ కార్డులో పది లోపల 5 మి.మీ. రింగు ఉంటుంది, దాన్ని తాకితే ఇన్నర్ టెన్. రైఫిల్ కాగితం మీదైతే ఆ అర మిల్లీమీటరు చుక్క పూర్తిగా ఎగిరిపోవాలి. అదీ సమానమైతే చివరి పది షాట్ల సిరీస్ చూడాలి, అది కూడా సమానమైతే దాని ముందు సిరీస్, అలా వెనక్కి.

ఇన్నర్ టెన్ల లెక్క లాంఛనమేనని తేలిగ్గా తీసుకునేవారికి 2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల ఎయిర్ పిస్టల్ చెప్పండి. సరబ్‌జోత్ సింగ్, జర్మనీకి చెందిన రాబిన్ వాల్టర్ ఇద్దరూ 577తో నిలిచారు. వాల్టర్ ఇన్నర్ టెన్లు 17, సరబ్‌జోత్‌వి 16. ఫైనల్‌కు ఎనిమిది మందే. వాల్టర్ ఎనిమిదో స్థానంలో లోపలికి వెళ్లాడు, మనవాడు తొమ్మిదో స్థానంలో ఆగిపోయాడు. అరవై షాట్లలో ఒక్క ఇన్నర్ టెన్.

క్లబ్బులో మొదటి మూడు స్థానాలకు మాత్రం షూటాఫ్ పెట్టడం నాకిష్టం. ఒక్కో షాట్, విడిపోయేదాకా. కాగితం మీదైనా ఐదు నిమిషాల పని.

ఐదో మెట్టు: ఫైనల్ పెట్టాలా, పెడితే సున్నా నుంచేనా?

2008 బీజింగ్ ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిన స్కోరు 700.5. అందులో 596 క్వాలిఫికేషన్‌ది, 104.5 ఫైనల్‌ది. క్వాలిఫికేషన్‌లో ఆయన నాలుగో స్థానంలో ఉన్నారు. చివరి షాట్‌కు ముందు ఫిన్లాండ్ ఆటగాడు హెన్రీ హాకినెన్‌తో సమానం. బింద్రా 10.8 కొట్టారు, హాకినెన్‌ది 9.7. అప్పట్లో వెనకటి స్కోరు వెంట వచ్చేది. 2013 నుంచి ఫైనల్ సున్నాతో మొదలవుతోంది. పారిస్‌లో వాడిన పద్ధతిలో 24 షాట్లు, 12 షాట్ల తర్వాత ఒకరు, ఆపైన ప్రతి రెండు షాట్లకు ఒకరు చొప్పున బయటికి. అక్కడ మహిళల ఎయిర్ పిస్టల్ ఫైనల్‌లో 22 షాట్ల దగ్గర మను భాకర్ 221.7, కొరియా అమ్మాయి కిమ్ యెజి 221.8. ఆ 0.1 మనుకు కాంస్యం ఇచ్చి, రజతం పోటీ నుంచి తప్పించింది. పిస్టల్ కార్డు మీద అది 0.8 మిల్లీమీటర్లు.

సున్నా నుంచి మొదలయ్యే ఫైనల్ చూసేవాళ్లకు పండుగ, పొద్దున అందరికన్నా బాగా ఆడినవారికి శిక్ష. కాగితపు కార్డులతో ఎలిమినేషన్ పెడితే రెండేసి షాట్లకు కార్డులు తెచ్చి లెక్కకట్టాలి, అది సాగి సాగి ఎండ నెత్తికెక్కుతుంది. కాగితం రేంజిలో ఫైనల్ వద్దే వద్దు. ఎలక్ట్రానిక్ ఉంటే పెట్టండి, కానీ క్వాలిఫికేషన్ మొదటి స్థానానికి విడిగా ఒక పతకం ఇవ్వండి. ఎలక్ట్రానిక్ టార్గెట్లకు వెనుక బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి. వేసవిలో కరెంటు పోవడం గురించి చిత్తూరు జిల్లావారికి నేను చెప్పక్కర్లేదు. ఆటగాడి తప్పు లేకుండా 3 నిమిషాలకు మించి ఆగితే పోయిన సమయం తిరిగి ఇవ్వాలని, 5 నిమిషాలు దాటితే అదనంగా 5 నిమిషాలు, సైటర్ షాట్లు (లెక్కలోకి రాని, గురి సరిచూసుకునే షాట్లు) ఇవ్వాలని అంతర్జాతీయ నియమం. దాన్నే మీ కాగితంలోకి ఎత్తి రాసుకోండి.

ఆరో మెట్టు: పోటీ రోజు లెక్కింపు బల్ల

ఎంత మంచి పద్ధతి ఎంచుకున్నా బల్ల దగ్గర క్రమం తప్పితే అంతా వృథా. కార్డుల మీద ముందే లేన్ నంబరు, వరుస నంబరు వేసి ఇవ్వాలి, ఆటగాడి పేరు వేయకూడదు. రైఫిల్ కార్డుకు ఒక్క షాటే. పిస్టల్‌కూ అదే మంచిది. ఖర్చు ఎక్కువని ఒక కార్డు మీద ఐదేసి కాల్పించే క్లబ్బులున్నాయి. బాగా ఆడే పిల్లల రంధ్రాలు ఒకదాని మీద ఒకటి పడి, ఏది ఏ షాటో తేలక, చివరికి వారికే నష్టం జరుగుతుంది.

బల్ల దగ్గర ఇద్దరు స్కోరర్లు విడివిడిగా చూడాలి. మొదటివారు పలికితే రెండోవారు రాయడం కాదు. ఇద్దరూ వేరువేరు కాగితాల మీద రాసి, తర్వాత పోల్చాలి. తేడా వచ్చిన షాట్లకు మాత్రమే గేజ్, అంటే రంధ్రంలో దించి చూసే కొలత సాధనం. గేజ్‌ను రంధ్రంలో ఒక్కసారే పెట్టాలి. కార్డు బల్ల మీద చదునుగా ఉండాలి, గేజ్ నిటారుగా దిగాలి, భూతద్దంతో చూసి అంచు గీతను తాకిందో లేదో తేల్చాలి. తిప్పడం, నొక్కడం కూడదు. రెండోసారి పెడితే రంధ్రం పెద్దదవుతుంది, అప్పుడు మీరు కొలిచేది పెల్లెట్‌ను కాదు, మీ చేతి బరువును. గేజ్ పెట్టిన రంధ్రం పక్కన చిన్న గుర్తు వేసి, ఇద్దరి పొడి సంతకాలు తీసుకోండి. గేజ్ నిర్ణయం మీద అప్పీలు ఉండదు, అంతర్జాతీయ పోటీల్లోనూ ఉండదు. ఆ మాట ముందే మైకులో చెప్పండి.

తన కొడుకో, శిష్యుడో ఆడుతున్నప్పుడు ఆ కార్డులు చూసే బల్ల దగ్గర కూర్చోకూడదు. చిన్న క్లబ్బుల్లో ఇది కష్టమే, అందరూ అందరికీ కావలసినవాళ్లే. పక్క ఊరి క్లబ్బు నుంచి ఒకరిని పిలవండి, తర్వాత వాళ్ల పోటీకి మీరు వెళ్లండి. మధ్యాహ్నం భోజనం పెడితే చాలు, వస్తారు.

పక్క లేన్ కార్డు మీద కొట్టిన షాట్‌కు కొట్టినవారికి సున్నా. ఆ కార్డు అసలు యజమానికి నష్టం జరగకూడదు. ఏ రంధ్రం ఎవరిదో తేలకపోతే వాటిలో ఎక్కువ విలువ యజమానికే ఇవ్వాలి. అదనపు షాట్లకు ఎంత కోత వేస్తారో అంకెతో సహా నోటీసులో ఉండాలి.

ఏడో మెట్టు: సీజన్ పట్టిక

ఏడాదిలో ఎనిమిది పోటీలు పెడితే ఎనిమిదీ కూడవద్దు. బాగా వచ్చిన ఐదింటిని తీసుకోండి. శ్రీకాళహస్తి నుంచి, పలమనేరు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చే పిల్లలకు ఒక ఆదివారం తప్పుతుంది, పరీక్షలు అడ్డొస్తాయి, బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతిలో బస్సు ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఒక్క గైర్హాజరుతో సీజన్ మొత్తం పోయిందంటే రెండో ఏడు ఆ పిల్లవాడు రాడు. అలాగని ఎనిమిదిలో మూడే చాలంటే, మొదటి మూడు బాగా ఆడినవారు ఇంట్లో కూర్చుంటారు.

సీజన్ మధ్యలో పద్ధతి మార్చవద్దు. జులైలో ఎలక్ట్రానిక్ టార్గెట్లు కొన్నా సరే, ఆ ఏడాది ముగిసేదాకా స్కోరు పూర్ణాంకాల్లోనే రాయండి. దశాంశాన్ని పక్క నిలువు వరుసలో నమోదు చేస్తూ పోండి. ఏడాది చివర రెండు వరుసల ర్యాంకులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మీ క్లబ్బులో పద్ధతి మార్పు ఎవరి స్థానాన్ని ఎంత కదిలిస్తుందో మీ సొంత లెక్కలే చెబుతాయి. మొదటి ఐదుగురి క్రమం మారకపోతే మార్చాల్సిన తొందరేమీ లేదు. మారితే, సభ్యులందరినీ పిలిచి ఆ పట్టిక ముందు పెట్టి, వచ్చే సీజన్‌కు ఏది కావాలో అడగండి.

కార్డులను ఫలితాలు ప్రకటించిన రోజే చెత్తబుట్టలో వేయకండి. అభ్యంతరాల గడువు, అంటే ఫలితాలు అంటించాక అరగంట, దాటేదాకా బల్ల మీదే ఉంచండి. తర్వాత రబ్బరు బ్యాండు వేసి, మీద తేదీ రాసి, సీజన్ ముగిసేవరకు బీరువాలో దాచండి. హ్యాండీక్యాప్ సగటు మీద తగువు వస్తే తీసి చూపించడానికి అవే ఆధారం.